వాసన లేని మందు

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా పక్క చేనులోని పత్తి రైతు, ఏ పురుగుమందునైనా ముందు మూత తీసి వాసన చూసేవాడు. ఘాటుంటేనే అది పనిచేస్తుందని ఆయన నమ్మకం. ఆ ఉదయం కొత్త డబ్బా విప్పి మూతి విరిచాడు.

"వాసనే లేదురా! గా దుకాణపోడు నీళ్లు అమ్మిండు."

రెండింతలు పోసి, డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలపసాగాడు.

"కాకా, జర కట్టెతోని కలుపు. వాసన లేకున్నా విషం విషమే. తోలులకెల్లి ఒంట్లకు పోతది," అన్నాను.

"పేపరోనివి, నువ్వు రాసుకో పో! కలుపుడు నాకిడిసిపెట్టు," అని నవ్వి, అదే చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ. నేను ఆటోకు ఫోన్ చేస్తుంటే నా చొక్కా పట్టుకున్నాడు.

"మబ్బు పట్టింది బిడ్డా, చీకటైతాంది. వాన పడేటట్టుంది."

నడినెత్తిన ఎండ మండిపోతోంది.