బ్రా ఆరేసే చోటు

1996. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గ్రే స్ట్రీట్ పక్క ఆర్కేడ్‌లో ఆడవాళ్ళ లోదుస్తుల దుకాణం. అంతకు ముందు ఏడాదే మా ఆయనకు లెక్కల మాస్టారు ఉద్యోగం దొరికి కాకినాడ నుంచి వచ్చాం. గ్రీన్‌వుడ్ పార్క్ అనే పేటలో అద్దెకు దిగాం. కుట్టుపని నేర్చిన చెయ్యి ఊరికే ఉండలేక నేను ఆ దుకాణంలో ఫిట్టర్‌గా చేరాను. ఫిట్టర్ అంటే టేపుతో కొలిచి, ఒంటికి సరిపడే బ్రా ఎంచి, తొడిగించి చూసే మనిషి. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ ‘బట్టల కొట్లో పని’ అని చెప్పి, అంతకు మించి నోరు విప్పలేదు.

ఈ పనిలో జనానికి తెలియని సంగతి ఒకటుంది. బరువు మోయాల్సింది భుజం మీది స్ట్రాప్ కాదు, ఒంటి చుట్టూ ఉండే బ్యాండ్. దాని కింద రెండు వేళ్ళు దూరాలి, పిడికిలి దూరకూడదు. చేతులు పైకెత్తితే వీపు మీది భాగం మెడవైపు ఎగబాకకూడదు. కొత్తదాన్ని అన్నిటికంటే వదులుగా ఉండే హుక్కుకి పెట్టుకోవాలి. ఎలాస్టిక్ సాగేకొద్దీ బిగుతు హుక్కుకి మారాలి. ఇదంతా దగ్గరుండి చూసి మరీ ఇచ్చాను కాబట్టి, సరోజ మూడోసారి ఫిర్యాదుకి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

సరోజ చాట్స్‌వర్త్ అనే మనవాళ్ళ పేటలో ఒకింటి కోడలు. ముప్పైకి అటూ ఇటూ ఉంటుంది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ మీద పని. ఆ రోజుల్లో బయటి దేశాల చవక బట్టలు వచ్చి పడుతున్నాయి, ఫ్యాక్టరీలు మనుషుల్ని తగ్గిస్తున్నాయి. ఒకసారి మానేస్తే మళ్ళీ దొరికే పని కాదది. ఆమె ముత్తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లోకి వచ్చినవాళ్ళు. ఆమెకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ, మాట్లాడ్డం అక్క, అత్త, మామ, పప్పు, పులుసు దగ్గర ఆగిపోయింది. మిగతాదంతా ఇంగ్లీషే కాబట్టి ఆమె మాటల్ని నా తెలుగులో చెబుతున్నాను.

రెండు బ్రాలు కౌంటర్ మీద పడేసి, మీ సరుకు నాసిరకం అంది. నేను బ్యాండ్ పట్టి లాగాను. అప్పడం విరిగినట్టు లోపల పటపటమంది, మళ్ళీ వెనక్కి రాలేదు. కప్పుల లోపలేమో నల్లటి బూజు చుక్కలు. బూజు తేమకి పడుతుంది, ఎలాస్టిక్ వేడికి పెళుసెక్కుతుంది. రెండూ ఒకేదానికి ఎలా వచ్చాయో నాకు అంతు పట్టలేదు.

లోపలికి తీసుకెళ్ళి తెర వేసి, జాకెట్టు విప్పమన్నాను. రొమ్ముల కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి నీరు కారుతోంది. చూడగానే నా కోపం చప్పబడిపోయింది. చేతులు ముందుకు చాచి రోజంతా మిషన్ తొక్కుతుంటే చెమట దిగి మంటపెడుతోందని, ఇక కూర్చోలేనని, నెలాఖరుకి పని మానేస్తానని చెప్పింది. పెళ్ళయ్యాక తన చేతికి జీతమంటూ రావడం ఇదే మొదలట. అది చెప్పేటప్పుడు మాత్రం ఏడ్చింది.

“ఎక్కడ ఆరేస్తావు?” అని అడిగాను.

తెర వేసే ఉంది, వినేవాళ్ళు లేరు. అయినా గొంతు తగ్గించింది. “ఫ్రిజ్ వెనక, అక్కా.”

వాళ్ళది చిన్న ఇల్లు. అత్త, మామ, మొగుడు, ఇద్దరు మరుదులు. దండెం పెరట్లో మామిడి చెట్టు కింద. ఆ నీడలోనే రిటైరైన మామగారు కుర్చీ వేసుకుని పొద్దుగూకేదాకా పేపరు చదువుతాడు. ఆయన నెత్తి మీద కోడలి బ్రా వేలాడితే ఇంకేమన్నా ఉందా! అందుకని అందరూ పడుకున్నాక ఉతికి, ఫ్రిజ్ వెనక వేడెక్కే కమ్మీలకి తగిలిస్తుంది. మామ టీకి లేవకముందే తీసి, ఆరినా ఆరకపోయినా తొడుక్కుంటుంది. వేడి ఎలాస్టిక్‌ని తినేసింది, తడి చర్మాన్ని తినేసింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాకినాడలో నేను చేసిందేమిటి? లంగా కింద, తువ్వాలు కింద దాచి ఆరేసినదాన్నే. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టు మన బతుకు.

పుండుకి ముందు క్లినిక్‌కి వెళ్ళమన్నాను. బ్రాలు మూడుండాలి, ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి విశ్రాంతిలో అన్నాను. చన్నీళ్ళలో చేత్తో ఉతకాలి, పిండకూడదు, పొడి తువ్వాల్లో పెట్టి ఒత్తాలి, గాలి ఆడే నీడలో ఆరెయ్యాలి. అంతా శ్రద్ధగా వింది.

“గాలి ఆడే నీడలో మామ ఉన్నాడు, అక్కా,” అంది.

దానికి నా టేపులో కొలత లేదు. ఒక అబద్ధం ఆడమన్నాను. సరుకు మార్చి ఇవ్వాలంటే ఇంట్లో పెద్దావిడ రావాలని దుకాణం రూలు అని చెప్పి, అత్తని తీసుకురమ్మన్నాను. పోలీసుని పిలుచుకురమ్మన్నట్టు చూసింది నన్ను.

శనివారం అత్త వచ్చింది. ముక్కుపుడక, నేత చీర, యుద్ధానికి వచ్చిన మొహం. నేను తెలుగులో పలకరించేసరికి కాస్త మెత్తబడింది గానీ మాట తగ్గించలేదు. “పేక్టరీ మానేత్తే పుండే మానతాది,” అని తీర్పు చెప్పేసింది. సరోజ నేల చూస్తోంది.

మీకూ ఒకసారి కొలుస్తాను రండమ్మా అన్నాను. తెర వెనక్కి రానంది. ఆమె వయసులో ఉన్నప్పుడు టౌన్లో తెల్లవాళ్ళ షాపులు చాలావాటిలో మనవాళ్ళని బట్టలు తొడుక్కుని చూడనిచ్చేవారు కాదట. కంటికి ఆనింది కొనుక్కుపోవడమే. ఇప్పుడు ఎవరైనా రావచ్చమ్మా అని ఊరుకోకుండా సతాయించాను. నా పోరు పడలేక లోపలికొచ్చింది.

రవికె తీశాక చూశాను. సరిగ్గా కోడలికి ఎక్కడ పుండయిందో అక్కడే ఆమెకి చర్మం నల్లబడి, మందంగా, చెప్పు తోలులా ఉంది. ఎండాకాలం దురద పెడుతుందా అని అడిగితే తల ఊపింది. అద్దంలో తనని తను చూసుకుంది. తర్వాత సరోజని లోపలికి పిలిచి, చూపించమంది. చూసింది.

“నాకూ ఇదేనే. పెళ్ళైన కాడి నుండీ ఒంటి వేడి అనుకున్నాను. మా అత్త నన్ను అడగనేదు, నాను నిన్ను అడగనేదు.”

ఇద్దరికీ కొలిచి ఇచ్చాను, తీసుకుని వెళ్ళారు.

కొన్ని వారాలకి సరోజ మళ్ళీ వచ్చింది. క్లినిక్‌లో ఇచ్చిన మందుతో పుండు మానింది, పని మానలేదు. దుకాణానికి వచ్చి వెళ్ళిన మర్నాడు, ఆదివారం పొద్దున్నే అత్త పెరట్లోకి వెళ్ళి, మామ చదువుతుండగానే, ముందు తన బ్రా తీగ మీద వేసి క్లిప్పు పెట్టిందట. పక్కన కోడలివి. మామ పేపరు దించి ఏమిటిదంతా అన్నాడట. “బట్టలు. నువ్వు అవతల కూకో,” అందట అత్త.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. సైజు సరిగ్గా చెప్పడం సగం పనేనని, రెండో సగం కొనేవాళ్ళ ఇంట్లో ఉంటుందని సరోజ వల్ల తెలిసింది. అప్పటి నుంచి టేపు తియ్యకముందే, మీరు ఎక్కడ ఆరేస్తారని అడుగుతాను. నల్లవాళ్ళయినా, తెల్లవాళ్ళయినా, మనవాళ్ళయినా చాలామంది గొంతు తగ్గించే జవాబు చెబుతారు. వినబడలేదు, గట్టిగా చెప్పండి అంటాను.