అమ్మాయమ్మ నమిలిన తమలపాకు

సముద్రం అవతలి దీవిలో, మోకా దగ్గరి చెరుకు ఎస్టేటు కూలీల కాంపులో అమ్మాయమ్మను ఎరగనివాళ్ళు లేరు. మంచితనానికి కాదు, మొండితనానికి. ఆ మొండితనం పెళ్ళినాడే బయటపడింది. అన్న నాగయ్యకు మాటమాత్రం చెప్పకుండా గోపాలుతో కలిసి బాప్తిస్మం తీసుకుంది. పాదిరి ముందు నిలబడి కలిమిలోనూ లేమిలోనూ, ఆరోగ్యంలోనూ రోగంలోనూ, చావు విడదీసేదాకా తోడుంటానని ప్రమాణం చేసింది. లేమి అంటే ఏమిటో కాంపులో పుట్టినదానికి ఒకరు చెప్పాలా? రోగం సంగతే అప్పటికి తెలియదు.

అదీ 1911 కోతల్లో తెలిసొచ్చింది. పల్లంలో చెరుకు బండి తిరగబడి గోపాలు నడుం మీద పడింది. ప్రాణమైతే దక్కింది గానీ నడుం కింద ఒళ్ళు ఉన్నా లేనట్టే అయింది. తెల్లారకముందే లేచి అతన్ని కడిగి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, అమ్మాయమ్మ కలుపుకి పోయేది. మధ్యాహ్నం అందరూ గంజి తాగుతుంటే, ఆమె మళ్ళీ అతన్ని రెండో పక్కకి తిప్పడానికి ఇంటికి పరిగెత్తేది. ఆలస్యమైతే వీపున పుండు పడేది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఉన్న ఒక్క కూతుర్నీ మలేరియా ఎత్తుకుపోయింది. ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు ఆ తల్లికి. అంతలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు వచ్చి, పనిచేసే మగవాడు లేని ఎస్టేటు గదిని వచ్చే కోతలకి ముందే ఖాళీ చేయాలని చెప్పిపోయాడు.

అప్పుడు ట్రియోలే ఊరి నుంచి అన్న నాగయ్య దిగాడు. చెల్లెలి మీద ప్రేమ లేనివాడు కాదు, కానీ ఆ ప్రేమ గోపాలు మంచందాకా రాలేదు. చెల్లెలికి తన ఇంట్లో చోటుందన్నాడు. పెళ్ళాం పోయిన ఒక పాడిరైతు ఆమెను చేసుకోవడానికి ఒప్పుకున్నాడని కూడా చెప్పాడు. వాళ్ళ కులంలో పెద్దల ఎదుట మొగుడు తమలపాకును నిలువునా చించి సగం పెళ్ళాం చేతిలో పెడితే ఆ పెళ్ళి తెగినట్టే, మారుమనువుకి అడ్డులేదు.

"పాదిరి కట్టిన ముడి ఇది, అన్నా. ఆకు సించితే తెగదు" అంది అమ్మాయమ్మ.

ఆ మాట మంచంలో ఉన్న గోపాలు చెవిన పడింది. రోజంతా పైకప్పు చూస్తూ పడుకునే మనిషి, దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. పాదిరి ముడి కిరస్తానీలకే కదా, తాను కిరస్తానీ కాకుండా పోతే ముడే ఉండదు, ఆమె బతుకుతుంది అనుకున్నాడు. ఏ పాదిరినైనా, ఏ పూజారినైనా అడిగి ఉంటే ఇద్దరూ కాదనేవాళ్ళే. అడిగే ఓపిక లేదు, అడిగిపెట్టే దిక్కూ లేదు పాపం. నాగయ్యకు మాత్రం కబురు పంపాడు.

ఒక సాయంత్రం అమ్మాయమ్మ పార భుజాన వేసుకుని పొలం నుంచి వచ్చేసరికి గది ముందు పెద్దలు చాప మీద కూర్చుని ఉన్నారు. నాగయ్య చేతిలో ఆమె చీరల మూట ఉంది. గోపాలును గోడకి చేరవేశారు. అతని నుదుట నిలువు నామం.

"నాను మల్లా మన దేవుళ్ళ కాడికి వచ్చీసినాను. నీకూ నాకూ ఏటీ లేదు. ఎల్లిపో" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. ఆకు నిలువునా చించి సగం చాపాడు.

అమ్మాయమ్మ అది అందుకుంది. అతని చేతిలోని రెండో సగం కూడా లాక్కుంది. రెండూ కలిపి నోట్లో పెట్టుకుని, పెద్దల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నమిలి మింగేసింది.

"ఆకు తెగితే పెళ్ళి తెగుద్దన్నారు గదా. ఆకేదీ? సూపించండి."

పెద్దలు చాప దులుపుకుని లేచారు. నాగయ్య మూట నేలకేసి కొట్టి, "ఇంక నా గడప తొక్కకు" అని వెళ్ళిపోయాడు. అప్పుడామె మొగుడి పక్కన కూలబడి, "కూడు లేకపోతే ఇద్దరం సద్దుం మావా. నువ్వే పొమ్మంటే నానెక్కడికి పోతాను?" అని ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

గది పోయింది. వాగు ఒడ్డున చెరుకాకు గుడిసె వేసుకుని ఏళ్ళు ఈడ్చారు. 1919 జ్వరాల్లో గోపాలు పోయాడు. అన్న తరఫువాళ్ళు శవాన్ని ముట్టబోమన్నారు, పాదిరి మనుషులట. ఆమె ఎవరిదో తోపుడు బండి అడిగి, శవాన్ని తోసుకుంటూ చర్చి గేటుకి చేరింది. పాదిరి ఊళ్ళో లేడు. అతను లేనప్పుడు చర్చి చూసుకునే ఉపదేశి గేటుకి అడ్డం నిలబడ్డాడు. పెద్దల ముందు నామం పెట్టినవాడికి, తప్పు ఒప్పుకోకుండా పోయినవాడికి లోపల చోటు లేదన్నాడు. రెంటికీ చెడ్డ రేవడయ్యాడు గోపాలు.

"నన్ను వదిలించుకోడానికి దేవుణ్ణి వదిలీసినాడయ్యా. నాను ఆణ్ణి వదల్లేదు. దేవుడు వదిలీసినాడా?"

ఉపదేశి గేటు తెరవలేదు. అమ్మాయమ్మ కంచెకి ఇవతల, బాట పక్కన, బండిలో వేసుకొచ్చిన పారతో తవ్వడం మొదలుపెట్టింది. సాయంత్రానికి గొయ్యి తయారవుతుంటే ఉపదేశి కంచె దగ్గరికి వచ్చాడు.

"అంత వెడల్పెందుకమ్మా?"

"నాను మాత్రం లోపలెందుకు పడుకుంటాను?" అంది, తవ్వుతూనే.