కొనుక్కొచ్చిన కరేపాకు

మా అత్తమ్మ డబ్బులిచ్చి కరేపాకు కొన్న రోజున నాకు నిజంగా భయమేసింది. మనిషికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. బండి దగ్గర పావుకిలో వంకాయలు తీసుకుని, కొసరుగా గుప్పెడు కొత్తిమీరో నాలుగు పచ్చిమిరపకాయలో రాబట్టందే కదలదు ఆవిడ. పైగా యలహంక పాత ఊళ్ళో ఉన్న మా ఇంటి పెరట్లో కప్పు దాటి పెరిగిన కరేపాకు చెట్టుంది. సాంబారు పొయ్యి మీద పెట్టాక గుర్తొచ్చి, మా గేటు తీసుకుని పరిగెత్తుకొచ్చే ఆడవాళ్ళు వీధిలో ఎంతమందో.

ఆ చెట్టు కిందే మా కుక్కను పాతిపెట్టి అప్పటికి వారం. సంగతి అర్థమయ్యేసరికి నా భయం పోయి కోపం వచ్చింది. ఓహో, చెట్టు మైలపడిందన్నమాట! ప్రతి ఆదివారం బైబిలు చంకన పెట్టుకుని గుడికెళ్ళే మనకి ఎప్పట్నుంచమ్మా ఈ మైలలు, అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఇంట్లో ఒక యుద్ధం నడుస్తోంది. ఇంకోటి ఎందుకని ఊరుకున్నాను.

ఆ కుక్కను మా అమ్మాయి తెచ్చింది. చిన్న క్లాసుల్లో ఉండగా ఒక వానరోజు స్కూలు బ్యాగులోని పుస్తకాలన్నీ చేత్తో పట్టుకుని, బ్యాగులో దీన్ని పెట్టుకుని వచ్చింది. గోధుమరంగు వీధికుక్క పిల్ల, ఒక చెవి నిక్కీ, ఒక చెవి వాలీ. ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో పేరుతో పిలిచేవాళ్ళం, అన్నిటికీ పలికేది. అత్తమ్మ మాత్రం పేరు పెట్టలేదు. "ఏయ్, హోగో!" అని కన్నడంలో అదిలించేది. వీధికుక్కలకు తెలుగు రాదని ఆవిడ నమ్మకం. అది తోక ఊపుకుంటూ ఇంకా దగ్గరికొచ్చేది. గడప దాటి లోపలికి రాకూడదన్నది ఆవిడ పెట్టిన చట్టం, దాన్ని మాత్రం అది బతికినన్నాళ్ళూ పాటించింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. హాల్లో చాప పరుచుకుని నలుగురం కూర్చుంటాం: అత్తమ్మ, మా ఆయన, నేను, మా అమ్మాయి. డ్యూటీలో ఉంటే తప్ప నేను మానకూడదు. ప్రార్థన చేసేది అత్తమ్మే. వాళ్ళు అనంతపురం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు, మాటంతా "ఉండాది, చేస్తాండావు" అనే పద్ధతి. కళ్ళు మూసుకుంటే మాత్రం పాత బైబిలు తెలుగు ధారగా వచ్చేస్తుంది. చుట్టాల్లో ఏ ఒక్కర్నీ వదలదు. తెనాలిలో ఉన్న మా అమ్మ మోకాళ్ళ దగ్గర్నుంచి సర్జాపుర రోడ్డులో మా మరిది కొన్న, ఇంకా కట్టని ఫ్లాటు దాకా అన్నీ దేవుడికి అప్పజెబుతుంది.

కుక్క గడప అవతల ముందుకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వినేది. "ఆమెన్" అనగానే లేచేది. దాని తోక తలుపుకి టపటప కొట్టుకునేది. అత్తమ్మ డబ్బా తీసి ఒక మారీ బిస్కెట్ గడప మీద పెట్టేది. "ఇంటికి పొమ్మన్నా పోదు, బిస్కెట్ ఎందుకత్తమ్మా?" అని నేను ఏడిపిస్తే, "ఆమెన్ అయినాక ఎవుర్నీ ఒట్టి చేతుల్తో పంపగూడదప్పా" అనేది. ప్రార్థనకి వచ్చినవాళ్ళకి టీ, బిస్కెట్లు ఇవ్వాలనే నియమం ఆవిడ కుక్క దగ్గర కూడా తప్పలేదు.

ఒకసారి పాస్టరుగారు వచ్చారు. ఆయన ప్రార్థన ఒక పట్టాన తెమిలేది కాదు. మధ్యలో పెద్దవాళ్ళు భక్తితో ఆమెన్, ఆమెన్ అంటుంటే అది ప్రతిసారీ లేవడం, బిస్కెట్ రాకపోయేసరికి మళ్ళీ కూలబడడం. చివరికి విసుగొచ్చి ఒక్క అరుపు అరిచింది. పాస్టరుగారు కళ్ళు తెరిచి, "మా సంఘంలో ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు ఎవరూ లేరమ్మా" అన్నారు. అత్తమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాటి నుంచి బిస్కెట్లు రెండయ్యాయి.

ఈ ఏడు వానల్లో దాని కిడ్నీలు చెడిపోయాయి. నేను నర్సుని, ఇంట్లోనే సెలైన్ పెట్టాను. మనుషులకి చేసినట్టే అన్నీ చేశాను. లాభం లేకపోయింది. ఒక పొద్దున వరండాలో మా అమ్మాయి చెప్పు మీద తల పెట్టుకుని పడుకుని మరి లేవలేదు. ఆస్పత్రిలో ఎన్నో చావులు చూసినదాన్ని, ఆ చెప్పు దాని తల కింద నుంచి తియ్యడం నా వల్ల కాలేదు. చెప్పుతోనే పాతిపెట్టాం.

మా ఆయన మట్టి కప్పడం అయ్యాక మా అమ్మాయి, "అవ్వా, ప్రేయర్ చెయ్యి" అంది.

"కుక్కకు ప్రార్థనేంది మే! జంతువుకు ఆత్మ లేదు. పాస్టరయ్య వింటే నవ్వుతాడు."

"జలప్రళయం వచ్చినప్పుడు దేవుడే కదా జంతువుల్ని ఓడ ఎక్కించింది?"

"ఎక్కినాయి, దిగినాయి. యాడ గానీ వాటికి ప్రార్థన చేసినట్టు రాసిలేదు."

"థాంక్స్ చెప్పడానికి కూడా నీకు నోరు రాదా?" అని ఏడుస్తూ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ సాయంత్రం ప్రార్థనకి రాలేదు. మర్నాడూ రాలేదు. ఒకటి రెండు రోజుల అలక అనుకున్నాను. వారాలు గడిచినా చాప మీద ముగ్గురమే. పిల్ల మొండిది, నా పోలిక. అత్తమ్మ రమ్మని పిలవలేదు, రాలేదని తిట్టలేదు. చాప మీద దాని చోటు ఖాళీగా వదిలి, చుట్టాల వరసలో దాని పేరు వచ్చినప్పుడు మాత్రం గొంతు కొంచెం పెంచేది, గదిలోకి వినబడాలని. వినబడేదో లేదో. అన్నం దగ్గర కూడా ఇద్దరికీ మాటల్లేవు. పుట్టిన దగ్గర్నుంచి అవ్వ పక్కలో పడుకున్న పిల్ల! రాత్రి డ్యూటీలకి నేను పోతే జ్వరమొచ్చినా నలత వచ్చినా చూసుకుంది ఆవిడే. వచ్చే ఏడు కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోతే ఈ మౌనం ఇలాగే గడ్డకట్టుకుపోతుందేమోనని నాకు బెంగ. మా ఆయన్ని కదిలిస్తే, "మీ ఆడాళ్ళ మధ్య నన్ను దూర్చకు" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

మధ్యలో ఈ కరేపాకు. పక్కింటావిడ వస్తే అత్తమ్మ గేటు దగ్గరే ఆపి, "చెట్టుకు తెగులొచ్చిందమ్మా, తుంచొద్దు" అని పంపేసింది. నిగనిగలాడుతున్న చెట్టుకి తెగులట! మా అమ్మాయి కిటికీలోంచి అదంతా చూసింది. "చూశావా మమ్మీ? అవ్వకి వాడంటే అంత అసహ్యం" అంది. దానికి కుక్క ఎప్పుడూ 'వాడే'. అప్పటికి నేనూ అదే అనుకుంటున్నాను.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఏటా ఆ రోజు మామయ్యగారి సమాధికి వెళ్తాం. ముందే సున్నం వేయించి, ఆ సాయంత్రం చామంతులు సిలువ ఆకారంలో పేర్చి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తాతయ్య కోసం కాబట్టి మా అమ్మాయి కూడా వచ్చింది. అవ్వకి దూరంగా నిలబడి, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తులు మళ్ళీ మళ్ళీ వెలిగిస్తోంది. చామంతులు తక్కువపడి సిలువకి ఒక చెయ్యి పొట్టిగా వచ్చింది. పక్క సమాధిని ఆనుకుని నందివర్ధనం చెట్టు విరగబూసి ఉంది. నాలుగు పువ్వులు కోద్దామని చెయ్యి చాచాను. అత్తమ్మ నా చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది.

"బుద్ధి ఉండాదా నీకు? సమాధి మీది చెట్టును ముట్టుకుంటారా ఎవరైనా? ఒక ఆకు గూడా తుంచగూడదు. అది కింద పడుకున్నోళ్ళది."

నేను చెయ్యి రుద్దుకుంటూ నిలబడ్డాను. మా అమ్మాయి చేతిలో అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలితే విసిరేసి, అవ్వ వైపు తిరిగింది.

"అవ్వా... మన కరేపాకు కూడా అందుకేనా?"

"మరింకెందుకనుకుంటివి? ఉత్తపుణ్యానికి దుడ్డు పోసి కరేపాకు కొంటానా నేను?"

"మరి తెగులొచ్చిందని ఎందుకు చెప్పావు?"

"కుక్క సమాధి అని చెప్తే వీధంతా నవ్వదా? వాళ్ళు దాన్ని చూసి నవ్వితే నాకు బాగుంటాదా?"

పొట్టి చెయ్యి ఉన్న ఆ సిలువ ముందు మా అమ్మాయి అవ్వను వాటేసుకుని భోరుమంది. నాకూ కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. అత్తమ్మ మాత్రం "సాకు, సాకు, ఇంక చాలు. మీ తాత చూస్తాండాడు" అని దాని వీపు నిమిరింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆ చెట్టును కాపలా కాస్తుంటే, ఇంట్లో ఉండి నేను ఒక్క ముక్క అడగలేదు. కోపం తెచ్చుకోవడం తేలిక కదా, అడగడం కన్నా.

ఇంటికొచ్చి చాప వేశాం. నలుగురం కూర్చున్నాం. అత్తమ్మ కళ్ళు మూసుకుంది. చుట్టాలందరూ అయ్యారు, మా అమ్మ మోకాళ్ళు అయ్యాయి, మరిది ఫ్లాటు కూడా అయింది. తర్వాత ఆమెన్ రావాలి, రాలేదు. దేవుడు ఒప్పుకుంటాడో లేదో ఆలోచిస్తోందేమో.

"తండ్రీ, మా గుమ్మము కాచుటకు నీవు మాకిచ్చిన దానిని బట్టి నీకు స్తోత్రము. అది గడప దాటలేదు ప్రభువా. నేను చెప్పినానని దాటలేదు. ఆమెన్."

అలవాటుగా అందరం తలుపు వైపు చూశాం. టపటపమని చప్పుడు లేదు. అత్తమ్మ లేచి డబ్బా మూత తీసి, రెండు మారీ బిస్కెట్లు మా అమ్మాయి చేతిలో పెట్టింది.

"పో, చెట్టు కాడ పెట్టిరా. ఆమెన్ అయినాక ఒట్టి చేతుల్తో పంపగూడదు."