మల్లమ్మ గారు చెప్పిన చుక్కల పేర్లు

పెన్సిల్వేనియా కొండల్లో రాత్రిపూట దీపం వెలిగించనివ్వని పార్కు ఒకటుంది. నక్షత్రాలు చూడాలంటే అమావాస్య దగ్గర్లో వెళ్లండి. ఆగస్టులోనైనా స్వెటర్ ఉండాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి.

2009 ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం రెండింటికి మా ఊరు పిస్కాటవేలో బయలుదేరాను. కారులో నా పక్కన మల్లమ్మ గారు. మా పక్క అపార్ట్‌మెంట్ శ్రీలత వాళ్లమ్మ. నల్లగొండ వైపు గొర్లు కాసిన మనిషి, ఆర్నెల్లు ఉండి వెళ్దామని కూతురి దగ్గరికి వచ్చారు. ఆ వేసవంతా సాయంత్రాలు ఆవిడ చుక్కల పేర్లు చెబుతుంటే నేను రాసుకున్నాను. మా ఊరి వెలుతురులో కనిపించని చుక్కలను డైనింగ్ టేబుల్ మీద బియ్యపు గింజలు పేర్చి చూపించేవారు.

ఆ నోట్సు మా ల్యాబ్‌లో నా మేనేజర్ వసుధ గారికి చూపించాను. ఆవిడ ఒక ఖగోళ క్లబ్‌లో సభ్యురాలు. పార్కులో క్లబ్ పెట్టే సభలో మాకు ఇరవై నిమిషాలు ఇప్పిస్తానన్నారు. మల్లమ్మ గారు చెప్పాలి, నేను ఇంగ్లిష్‌లో వినిపించాలి, అదీ అనుకున్న మాట.

నాలుగున్నరకు రెస్ట్ ఏరియాలో ఆగి పులిహోర తిన్నాం. ముసలమ్మ మంచాన్ని ముగ్గురు దొంగలు ఎత్తుకుపోయే కథను మల్లమ్మ గారు అక్కడ రెండుసార్లు చెప్పి చూసుకున్నారు. ఏడున్నరకు మోటెల్ చేరాం. గది అరవై అయిదు డాలర్లు.

తొమ్మిదిన్నరకు మైదానంలో వందమంది దాకా కూర్చున్నారు. వసుధ గారు మైకు అందుకుంటే మమ్మల్ని పరిచయం చేస్తారనుకున్నాను. ఆవిడ లేజర్‌తో మంచంకోళ్లు, అంటే సప్తర్షి మండలం, చూపించారు, దొంగల కథ చెప్పారు, నడుమ పెద్ద చుక్క, అటూ ఇటూ రెండు చిన్న చుక్కలతో ఉన్న గొల్లకావడిని చూపించారు. చదువురాని కాపరుల నోట మిగిలిన తునకలను తాను ఏరి ఒక క్రమంలో పెట్టానన్నారు. ఇరవై నిమిషాలూ అయిపోయాయి.

నేను దగ్గరికి వెళ్లి, మమ్మల్ని ఎందుకు పిలవలేదని అడిగాను.

"టైమ్ లేదు కదా. పైగా ఆవిడ యాస ఎవరికి అర్థమవుతుంది?" అన్నారు.

అక్కడున్న వాళ్లలో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలుగే రాదు. ఆ సంగతి నేను అనలేదు. నా గ్రీన్ కార్డ్ కాగితాల మీద వసుధ గారి సంతకం పడాలి. ఫరవాలేదండీ అని వెనక్కి వచ్చాను.

మల్లమ్మ గారు శాలువా కప్పుకుని మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. "నా పేరు చెప్పిందా?" అని అడిగారు.

చెప్పారన్నాను.

"అబద్ధం ఎందుకు బిడ్డా? ఇంగ్లీషు రాకుంటే ఏంది, నా పేరు పలికితే నాకు ఎరుక కాదా?"

మర్నాడు ఎనిమిదింటికి తిరుగు ప్రయాణం. రెండు గంటలు కారు నడిపాను. చివరికి నేనే, ఆ పేర్లు ఎవరు చెప్పారో క్లబ్‌కి ఉత్తరం రాస్తానని, కార్డు వచ్చాక రాస్తానని అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి, "నీ ఇష్టం బిడ్డా," అన్నారు. దారి బాగుంటుంది, పొడుగునా కొండలే. ఆవిడ దేన్నీ చూపించలేదు, దేని పేరూ అడగలేదు.

అంత ఆకాశం నేను మరెక్కడా చూడలేదు. వెళ్లి చూడవలసిన చోటే. కార్డు నాలుగేళ్లకు వచ్చింది, ఆ ఉద్యోగమూ మానేశాను. ఇప్పుడు నేను భయపడవలసిన సంతకం ఏదీ లేదు. ఉత్తరం ఇంకా రాయలేదు.