పన్నెండో పేరు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాది సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. ఇరవై ఏళ్ళు ఒడ్డున చేపలు ఎండబెట్టాను. కుక్కలు రాకుండా తెల్లవారుజామున ఒక్కదాన్నే కావలి కాసేదాన్ని. పక్కనే శ్మశానం. "దెయ్యమే నిన్ను సూసి జడుసుకుంటాది" అని మా ఆయన నవ్వేవాడు. ఒక్కనాడూ ఏదీ కనబడలేదు, ఏదీ వినబడలేదు.

ఇప్పుడు రాస్తున్నది కూడా దెయ్యం సంగతి అని నేను అనను. పట్టపగలు, పలాసలో, జనం మధ్య జరిగింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన పని ఎంత తప్పో తెలియదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒకసారి తుపానుకి మా ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. టార్పాలిన్లు ఇస్తామని ఒకాయన పేర్లు రాసుకోవడానికి వచ్చాడు. నా పేరు చెప్పాను. ఆయన తలూపి, పుస్తకం మీద కలం తిప్పాడు. సాయంత్రం దాకా వానలో నిలబడ్డాను. అందరినీ పిలిచారు, నన్ను పిలవలేదు. మా వీధిలో చదువుకున్న పిల్ల ఒకతె ఆ పుస్తకం చూసి, "పిన్నీ, నీ పేరు ఇందులో లేదు" అంది. ఆయన రాయలేదు. రాసినట్టు కలం తిప్పాడంతే. నాకు చదువు రాదని ఆయనకి తెలుసు.

ఆ కోపం మీదే సాయంత్రం బడికి వెళ్ళాను. రెండేళ్ళు పట్టింది. అప్పటి నుంచి నా సంచిలో ఒక రూళ్ళ పుస్తకం, ఒక నీలం పెన్ను ఎప్పుడూ ఉంటాయి. బస్సులో కూర్చున్నా కనబడిన బోర్డల్లా రాసుకుంటాను.

మా ఆయన అక్క మాతోనే ఉంటుంది. నాకు వదిన. ఉద్దానం ఊళ్ళలో చాలామందికి వచ్చినట్టే ఆమెకీ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. ఆ నాలుగు గంటలూ ఫోన్లో ఒక సంగీత నాటకం పాటలు వినేది. ఆ నాటకం పాటలు మా వైపు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వదినకి మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చేశాయి.

ఆ నాటకం పలాసలో మూడు రోజులు ఆడుతున్నారని తెలిసింది. మూడో రోజు ఆమెకి డయాలసిస్ లేదు.

"ఒలే, ఆకరి పాటకి స్టేజీ మీద నిజెం వాన కురుత్తాదట. అది సూసి సచ్చిపోయినా పరవాలేదే" అంది.

"సావు మాటెత్తితే టికెట్టు తేను."

"సరే, బతుకుతాను. తే."

తీరా చూస్తే టికెట్లన్నీ ముందే ఫోన్లలో అమ్ముడైపోయాయి. అయితే ఆఖరి రోజు పొద్దున్న పది గంటలకి, వెనక్కి వచ్చిన టికెట్లూ అదనంగా వేసే కుర్చీలూ హాలు దగ్గరే ఇస్తారని ఎవరో చెప్పారు. తెల్లారగానే బయల్దేరి టెక్కలిలో బస్సు మారి పలాస చేరాను. నాకు ఒక్క టికెట్టు చాలు. వదినని లోపల కూర్చోబెట్టి నేను మెట్ల మీద ఉండొచ్చు.

ఏడున్నరకే ఆడవాళ్ళ వరస వేరుగా కట్టి ఉంది. వాచ్‌మన్ వచ్చి అరిచాడు. "ఆడోల్లకి పన్నెండు టికెట్లే. మడిసికి ఒకటి. తోసుకున్నారంటే ఒకటీ లేదు. పేర్లు రాసి కాయితం ఇచ్చీండి, ఆ వరసలోనే పిలుత్తారు."

మా వైపు ఇది మామూలే. పెద్ద వరస అయితే నిలబడ్డవాళ్ళే పేర్ల కాగితం రాసుకుని ఇచ్చి, నీడ పట్టున కూర్చుంటారు. కాగితం మీద ఉన్న వరసే వరస. దాన్ని ఎవరూ కాదనరు.

అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఒక్కరి దగ్గరా కాగితం లేదు. నేను సంచిలోంచి పుస్తకం తీశాను. చిన్న పిల్లలా సంబరపడ్డాను, అబద్ధం ఎందుకు. ముందు నుంచి రాసుకుంటూ వచ్చాను.

"టీచరమ్మగోరూ, నా పేరు కాసింత గుండ్రంగా రాయండి, నాలాగే" అంది ఒక లావుపాటావిడ. అందరూ నవ్వారు.

పదకొండో మనిషి ఆకుపచ్చ చీర కట్టుకున్న ఆవిడ, టెక్కలిలో బడిలో పని చేస్తుందట. ఆవిడకీ నాకూ మధ్య ఒక మనిషి ఉంది. నా ఈడుదే. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. కాళ్ళకి నీలం రబ్బరు చెప్పులు, ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. వేళ్ళు నల్లగా ఉన్నాయి. జీడిపిక్కలు కొట్టేవాళ్ళకి ఆ రసంతో చేతులు అలాగే నల్లబడతాయి.

"నన్నూ రాయమ్మా. దాలమ్మ. నందిగాం అవతల, జీడి బట్టీ పక్కిల్లు" అంది. అడగకుండానే ఊరు కూడా చెప్పింది. "నాకు సదువు రాదు. నువ్వు రాసినావంటే సాలు."

అప్పుడు లెక్కపెట్టుకున్నాను. ఆమెకి ముందు పదకొండు మంది. ఆమె పన్నెండు. నేను పదమూడు. ఇంకోసారి లెక్కపెట్టాను. పదమూడే.

వదిన మొహం గుర్తొచ్చింది. అప్పటికే స్నానం చేసి, ఇస్త్రీ చీర మంచం మీద పెట్టుకుని ఉంటుంది.

కాగితానికి తగలకుండా, పైపైన, గాలిలో కలం తిప్పాను. "రాసినాను" అన్నాను.

ఆమె వంగి కాగితం వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఏది తన పేరో తెలియక, ఉన్న గీతలన్నీ ఒకేసారి చూసే చూపు. నేను యాభై ఏళ్ళు అలాగే చూశాను. ఆమె తలూపింది. నేను పదకొండో పేరు కింది గీత మీద నా పేరు రాసుకున్నాను. నా వెనక నలుగురివి రాశాను. మొత్తం లెక్కపెట్టి, కాగితం చించి వాచ్‌మన్ చేతిలో పెట్టి, "పదారు పేర్లు బాబూ" అన్నాను.

"నీల్లు తాగొత్తాను. పిలిత్తే కేకెయ్యి" అని దాలమ్మ కుళాయి వైపు వెళ్ళింది. సరే అన్నాను.

గోడ నీడన కూర్చున్నాను గాని కుదురుగా లేను. ఆమె తిరిగి వచ్చి గొడవ పెడితే ఏం చెప్పాలో అనుకుంటూ ఉన్నాను. కాగితం వాళ్ళే సరిగ్గా చదవలేదని చెప్పొచ్చు అనుకున్నాను. అదీ నా బుద్ధి.

పదయింది. కిటికీ తెరిచారు. లోపలి కుర్రాయన ఒక్కో పేరూ పిలుస్తున్నాడు. ఆకుపచ్చ చీర ఆవిడ టికెట్టు తీసుకుని పక్కకి జరిగింది. తర్వాతిది నా పేరే కాబట్టి నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"దాలమ్మ" అన్నాడు.

"దాలమ్మ ఎవరండీ?" మళ్ళీ పిలిచాడు. వాచ్‌మన్ కుళాయి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "ఓలమ్మా దాలమ్మా! నిద్దరోయినావేటి?" ఎవరూ రాలేదు. నేను కేకెయ్యలేదు. మూడోసారి పిలిచి, కింది పేరు చదివాడు. అది నాది. పన్నెండో టికెట్టు నా చేతిలో పడింది.

నా వెనక నలుగురూ గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. కుర్రాయన కాగితం చూసి, "పదిహేడు మంది రాశారు" అన్నాడు. వాచ్‌మన్ నా వైపు తిరిగి, "పదారన్నావు గదమ్మా, లెక్కలు ఇంకా నేర్సుకోలేదేటి?" అని నవ్వాడు.

ఆ కాగితం నాకు ఇచ్చెయ్యమని అడిగి తీసుకున్నాను.

పదకొండో పేరుకీ నా పేరుకీ మధ్య దాలమ్మ పేరు ఉంది. ఇరికించి రాసినట్టు లేదు. అది రూళ్ళ కాగితం. నేను గీత వదలకుండా రాశాను. ఇప్పుడు ఆ పేరుకి తన గీత తనకి ఉంది. నా పేరు దాని కింది గీత మీద ఉంది. నా వెనకవాళ్ళవీ ఒక్కో గీత దిగాయి. అదే నీలం సిరా. నా అక్షరాలు కుడివైపుకి పోతూ కిందికి జారిపోతాయి, మా పంతులమ్మ ఎంత చెప్పినా మానలేదు. ఆ పేరు కూడా అలాగే జారింది. నా చేతిరాతే.

కుళాయి దగ్గరికి పరుగెత్తాను. అక్కడ టీ కొట్టు నడిపే ఆమె పొద్దున్నించి కుళాయికి నీళ్ళే రాలేదంది. ఆకుపచ్చ చీర ఆవిడ ఇంకా వెళ్ళలేదు. "మీ వెనక నిలబడ్డ మనిషిని చూశారా?" అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"నా వెనక మీరేగా. మధ్యలో ఎవరూ లేరు. మీలో మీరు మాట్లాడుకుంటుంటే ఫోన్లో అనుకున్నాను."

నా ఫోను ఆ రోజు ఇంట్లో వదిన దగ్గర ఉంది.

సాయంత్రం ఆరు గంటల ఆటకి వదినని తీసుకొచ్చి లోపల కూర్చోబెట్టాను. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. గోడ అవతల నుంచి పాటలు వినబడుతూనే ఉన్నాయి. ఆఖరి పాటకి జనం ఈలలు వేశారు. వాన కురిసిందని అర్థమైంది. వదిన పమిట తడుపుకుని బయటికి వచ్చింది. అదనపు కుర్చీలు స్టేజీ దగ్గరే వేశారట.

"ఒలే, తడిసిపోనానే!" అని నన్ను వాటేసుకుంది. ఆమె అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. "నీ మొకమేటి అలగుంది?"

"ఎండకి" అన్నాను.

నెల రోజులు ఊరుకున్నాను. ఆ పైన ఊరుకోలేకపోయాను. పరధ్యానంలో నేనే రాసేశానేమో అని చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకుంటే నా తప్పు సగం పోతుంది. కానీ కలం కాగితానికి తగలకుండా ఎంత జాగ్రత్తగా తిప్పానో నా చేతికి గుర్తుంది. చివరికి కాగితం సంచిలో పెట్టుకుని, ఆ మనిషి కాళ్ళు పట్టుకుందామని నందిగాం వెళ్ళాను. అవతల ఊళ్ళో జీడి బట్టీ ఎక్కడని అడిగితే చూపించారు.

పక్కింటి వసారాలో మంచం మీద ఆమె పడుకుని ఉంది. అదే మొహం, అదే పుట్టుమచ్చ. మంచం కింద నీలం రబ్బరు చెప్పులు, పట్టీకి పిన్నీసు. చెప్పుల నిండా దుమ్ము. ఆమె చేతులు మాత్రం తెల్లగా ఉన్నాయి.

కోడలు నీళ్ళిచ్చింది. "మా అత్తకి నడుం పడిపోయి రెండేల్లయింది. గుమ్మం దాటలేదు. బట్టీ పని కూడా అప్పుడే మానీసింది" అంది.

నన్ను చూసి దాలమ్మ గుర్తుపట్టలేదు. ఎవరని అడిగింది. నేను ఏం చెప్పాలో తెలియక, పలాసలో నాటకం టికెట్ల దగ్గర మీ పేరు పిలిచారు, అది చెబుదామని వచ్చాను అన్నాను.

"నా పేరా?" అని లేవబోయింది. కోడలు పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ పాటలు రోజూ ఇంటన్నాను. ఆ నాటకానికి మనసులో ఎన్నిసార్లు ఎల్లుంటానో. నిజెంగా పిలిసినారా?"

"మూడుసార్లు పిలిచారు."

"గట్టిగానా?"

"గట్టిగానే."

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇన్నావేటే? ఆస్పత్రి కాయితం మీద తప్ప నా పేరు ఎవులూ ఎక్కడా రాయలేదు." తర్వాత నన్ను అడిగింది. "ఎవులు రాసినారమ్మా?"

నేను అక్కడికి వెళ్ళింది తప్పు ఒప్పుకోవడానికి. అదే అడిగింది ఆమె కూడా. "నేను రాయలేదు" అంటే అయిపోయేది. ఆమె కళ్ళు అలా వెలిగి ఉన్నాయి. కోడలు కూడా నవ్వుతూ చూస్తోంది.

"నేనే" అన్నాను.

కాగితం చూపించమంది. తీశాను. వంగి చూసింది, అన్ని గీతలూ ఒకేసారి చూసే ఆ చూపే. "ఇందులో నేనేది?" అంది. ఆమె వేలు పట్టుకుని పన్నెండో గీత మీద పెట్టాను. ఆ పేరుని వేలితో అటూ ఇటూ నిమిరింది. "సల్లగుండమ్మా. ఎరగని మనిసిని గురుతెట్టుకుని రాసినావు" అని నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా తల మీద ఉంది.

కాగితం తనకి ఇచ్చెయ్యమంది. ఇచ్చేశాను. తలగడ కింద పెట్టుకుంది. కాబట్టి చూపించడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు.

వదినకి ఇంకా చెప్పలేదు. డయాలసిస్ మంచం మీద ఆ ఆఖరి పాట వచ్చినప్పుడల్లా ఆమె నా వైపు చూసి నవ్వుతుంది. నేను కిటికీ వైపు తిరుగుతాను.

ఆ రోజు నా ముందు నిలబడింది ఎవరో, నా చేతిరాతతో ఆ పేరు రాసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. రాయనిది ఎవరో మాత్రం నాకు తెలుసు.