పిట్టబలం కొన్న డ్రిల్లు

ఏ మిషను చేతికిచ్చినా "బరువుగా ఉంది" అనడం పిట్టబలానికి ఉన్న ఒకే ఒక్క జబ్బు.

మనిషిని చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. గుమ్మంలో నిలబడితే కొట్టులోకి వెలుతురు రాదు. ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడుతూ మోసే ఏసీ బయటి పెట్టెను ఒక్కడే భుజానికెత్తుకుని, మెట్ల మీద ఎదురైన వాళ్లందరినీ "భోంచేశారా" అని పలకరిస్తూ డాబా ఎక్కేస్తాడు. అలాంటివాడు జానెడు డ్రిల్లు పట్టుకుని, మొహం చిట్లించి, "అబ్బే, మొయ్యలేం పిన్నీ" అంటే ఎవరికి నవ్వు రాదు? అందుకే ఆ చుట్టుపక్కల ఏసీల పనీ హీటర్ల పనీ చేసేవాళ్లంతా కలిసి అతనికి పిట్టబలం అని పేరు పెట్టారు. అతను ఆ పేరుకే పలికేవాడు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

పిన్ని అంటే పనిముట్ల కొట్టు యజమానురాలు. వయసుతో పనిలేకుండా అందరికీ పిన్నే. మేకు కొనడానికి వచ్చినవాడైనా సరే, ఆ మేకుకు ఏ ఫొటో తగిలిస్తాడో, ఆ ఫొటోలో ఎవరెవరున్నారో చెబితే తప్ప ఆమె చేతి నుంచి చిల్లర రాలేది కాదు. ఎవరింట్లో ఏసీ కారుతోందో, ఎవరింట్లో మొగుడికి చలో పెళ్లానికి ఉక్కో, రిమోటు కోసం ఎవరు అలిగి పుట్టింటికి వెళ్లారో ఆమెకు తెలియనిది లేదు. అలాంటి పిన్నికే అంతుపట్టని సంగతి ఒకటి ఉండిపోయింది. ఏనుగులాంటి ఈ మనిషికి డ్రిల్లు బరువేమిటి?

ఆ సంగతి తేల్చుకునే రోజు తొందరలోనే వచ్చింది. కాస్త దూరంలో కొత్త బడి కడుతున్నారు. గదులన్నిటికీ పైకప్పు కింద రేకు గొట్టాలు బిగించి చల్లగాలీ వేడిగాలీ పంపే పని. నెలల తరబడి చేతినిండా పనే. కాంట్రాక్టరు ఒకటే షరతు పెట్టాడు. నేలమీద కరెంటు వైర్లు పాకకూడదు, ప్రతి జట్టూ సొంత బ్యాటరీ మిషన్లు తెచ్చుకోవాలి, శనివారం సాయంత్రానికి చూపించని జట్టు సోమవారం నుంచి రానక్కర్లేదు. పిట్టబలం జట్టంటే అతనూ, వాళ్లక్క మొగుడూ. బక్కపలచటి మనిషి, కత్తిలాంటి నోరు. బామ్మర్దికి స్క్రూ పట్టుకోవడం దగ్గర్నుంచీ పని నేర్పినవాడు. పైకప్పు పని అంతా ఆయనదే, కింద మోతపని అంతా పిట్టబలానిది.

మిగతా జట్లు చిటికెలో కొనేశాయి. ఒకరు రంగు చూసి కొన్నారు, ఒకరు తోడల్లుడు చెప్పాడని కొన్నారు, ఒకాయనైతే టోపీ ఊరికే ఇస్తున్నారని కొన్నాడు. పిట్టబలం మాత్రం కొట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"చూడు నాయనా," అని పిన్ని విడమరిచి చెప్పింది. "బ్యాటరీ అంటే పెళ్లి సంబంధం లాంటిది. ఒక కంపెనీ బ్యాటరీ కొన్నావంటే డ్రిల్లూ వాళ్లదే, రేకు కోసే మిషనూ వాళ్లదే, గొట్టంలో గాలి లాగే పంపూ వాళ్లదే. పక్క కంపెనీ బ్యాటరీ ఇందులో దూరదు. కాబట్టి కుటుంబం మొత్తాన్నీ చూసుకుని చేసుకో. ఏనుగు బొమ్మ కంపెనీ ఉంది చూశావూ, వాళ్లది పెద్ద కుటుంబం. అడిగిన మిషనల్లా ఉంది."

"ఎత్తి చూశాను పిన్నీ. బరువు."

"పావురం బొమ్మది?"

"తేలికే. నాలుగు స్క్రూలు బిగించేసరికి బ్యాటరీ ఆవులిస్తోంది."

"తేనెటీగ బొమ్మది?"

"తేలిక, పొట్టి. దానికి పంపు లేదుగా."

"మరి నిన్నెవరు చేసుకుంటార్రా," అంది పిన్ని.

కొట్టులో పైన రెండు అరల మధ్య ఒక చెక్క అడ్డంగా బిగించి ఉండేది, కొనేవాళ్లు స్క్రూలు బిగించి చూసుకోవడానికి. పిట్టబలం పుణ్యమా అని అది జల్లెడైపోయింది. అతని పరీక్ష చూడడానికి పక్క కొట్లవాళ్లు కూడా పని మానుకుని వచ్చేవాళ్లు. మొదట ఇంటి నుంచి తెచ్చిన వంటింటి త్రాసులో డ్రిల్లును తూచేవాడు. తర్వాత దాని మూతి ఎంత పొడవుందో జానతో కొలిచేవాడు. ఆపైన భుజం మీది తువ్వాలు తీసి, ఎడమ చేతిని జబ్బ దగ్గర ఒంటికి కట్టేసుకునేవాడు. మోచేయి భుజం కంటే పైకి లేవకుండా బిగించి, ఆ చేత్తోనే డ్రిల్లు పట్టుకుని, ఎత్తు స్టూలెక్కి, చెక్కకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి స్క్రూ బిగించేవాడు. స్టూలు మూలిగేది. చూసేవాళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు.

"ఆ కట్టేమిట్రా?" అని పిన్ని అడగని రోజు లేదు.

"కసరత్తు పిన్నీ."

"ఎడమ చేతికేం కసరత్తు? అన్నం కుడి చేత్తోనేగా తింటావు?"

"అందుకే. అది ఊరికే కూర్చుని బలుస్తోంది."

బావ లోపలికి వచ్చేవాడు కాదు. బయట అరుగు మీద నిలబడి టీ తాగుతూ, వీధంతా వినబడేలా దెప్పేవాడు. "పిన్నిగారూ, పిల్లలు ఆడుకునే డ్రిల్లు ఏదైనా ఉంటే చూడండి. పీపీమని కూసేదైనా పరవాలేదు. మా బామ్మర్ది సుకుమారం."

"నువ్వూరుకో బావా. మొయ్యాల్సింది నేను."

"నువ్వెందుకు మోస్తావురా? పైకప్పు పని ఏనాడైనా చేశావా?"

పిట్టబలం వినబడనట్టు ఇంకో డ్రిల్లు తూచేవాడు.

శనివారం మధ్యాహ్నం దాటింది. తాడో పేడో తేల్చాలని పిన్ని నడుం బిగించింది. ఏనుగు కంపెనీ మనిషిని కబురు చేసి మరీ రప్పించింది. టై కట్టుకున్న ఆ మనిషి గుక్క తిప్పుకోకుండా తమ బ్యాటరీ గొప్పలు చెప్పాడు. ఎండలో వేడెక్కదన్నాడు, వానలో తడిసినా పరవాలేదన్నాడు, మేడ మీంచి పడినా పగలదన్నాడు.

"ఎవరి మీద పడినా?" అని అడిగాడు పిట్టబలం.

ఇతనితో లాభం లేదనుకున్నాడో ఏమో, కంపెనీ మనిషి నేరుగా అరుగు మీదికి వెళ్లి బావ భుజం మీద చెయ్యేశాడు. "పెద్దవారు, మీరు రండి. పైపని మీరే చేస్తారటగా. మీరొక్కసారి ఎత్తి ఆ చెక్కకో స్క్రూ బిగించండి. అప్పుడు చెప్పండి." పదిమంది చూస్తుండగా లోపలికి తీసుకొచ్చి, పెద్ద డ్రిల్లును ఆయన చేతిలో పెట్టాడు.

బావది ఎడమచేతి వాటం. డ్రిల్లు అందుకున్నాడు. మీసం సవరించుకున్నాడు. చెయ్యి పైకి లేచింది, ఛాతీ దాకా వచ్చింది, ఇంకొంచెం లేచింది, అక్కడ ఆగిపోయింది. ఆయన మొహంలో రంగు మారింది. కాంట్రాక్టరు మనుషులిద్దరు అప్పుడే స్క్రూల పెట్టె కోసం వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఇలా ఇవ్వు బావా, నీకు తెలీదు," అంటూ పిట్టబలం ఆ డ్రిల్లును లాక్కున్నాడు. లాక్కున్నవాడు దాంతోపాటు వెనక్కి వెళ్లి, పెయింటు డబ్బాల మీద కూలబడి, "అమ్మో, నడుం పట్టేసింది పిన్నీ, ఇది డ్రిల్లా రోలా," అని మూలగడం మొదలుపెట్టాడు. డబ్బాలు దొర్లాయి. ఒకదాని మూత ఊడి కంపెనీ మనిషి బూట్లు తెల్లబడ్డాయి. జనం విరగబడి నవ్వారు. కాంట్రాక్టరు మనుషులైతే గోడకు ఆనుకుని మరీ నవ్వారు. బావ వైపు చూసినవాడు లేడు.

పిన్ని చూసింది. ఆ ఎడమ చెయ్యి మెల్లగా దిగి జేబులోకి వెళ్లడం చూసింది.

పెయింటు తుడిచే వంకతో పిట్టబలాన్ని వెనక సామాన్ల గదిలోకి రమ్మంది. తలుపు దగ్గరికి వేసింది.

"ఎన్నాళ్లనుంచిరా మీ బావకు భుజం నొప్పి?"

పిట్టబలం తువ్వాలు మెలిపెట్టాడు. "మీకెవరు చెప్పారు?"

"నువ్వే. ఇన్నాళ్లూ ఒంటికి కట్టుకుని తిరిగావుగా."

అప్పుడతను స్టూలు మీద కూర్చున్నాడు. "అక్క చెప్పింది పిన్నీ. చొక్కా తొడుక్కోవడానికి కూడా అవస్థ పడుతున్నాడట. మోచేయి భుజం దాటి లేవదట. నాకు తెలిస్తే తనకు తల కొట్టేసినట్టు ఉంటుందని అక్కతో ఒట్టు వేయించుకున్నాడు. కాంట్రాక్టరుకు తెలిస్తే ఇంకో మనిషిని తెచ్చుకోమంటాడు. ఇంకో మనిషితో నేను పనిచెయ్యను. అదే ఎత్తు నిచ్చెన వేసి, బావను కప్పుకు దగ్గరగా నిలబెడితే చెయ్యి ఎత్తకుండానే పని జరుగుతుంది. అయితే మొహానికీ కప్పుకూ మధ్య జానెడే జాగా. అందులో పట్టేంత పొట్టిది, ఆ చెయ్యి ఓపగలిగేంత తేలికది కావాలి. ఆ చేత్తో పట్టుకుని చూస్తే తప్ప నాకెలా తెలుస్తుంది?"

"తేనెటీగది సరిపోయిందిగా మరి. పంపు లేదనేగా ఇన్నాళ్లు నానుస్తున్నావు?"

"నిన్నటిదాకా అదే ఆలోచించాను. ఇప్పుడిక ఆలోచించను. పంపు పని డాబా మీద. అక్కడ కరెంటు ప్లగ్గు ఉంటుంది. పాత కరెంటు పంపు నేను మోసుకెళ్తాను."

"ఆ ఇనుప ముద్దనా? రోజూ అన్ని అంతస్తులూ?"

"అదెంత బరువు పిన్నీ," అన్నాడు పిట్టబలం.

ఆ మాట అతని నోట వినడం పిన్నికి అదే మొదలు. చెంగు దోపుకుంది. "సరే, నడు. నేనేం చెబితే దానికి ఊఁ కొట్టు."

బయటికొచ్చి తేనెటీగ డ్రిల్లు తీసి, నలుగురూ వినేలా అంది. "ఏదిరా, వేలు పెట్టు."

పిట్టబలం డ్రిల్లు అందుకుని, మీట సందులో వేలు దూర్చబోయాడు. దూరలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అరటిపండును సూదిలోకి ఎక్కిస్తున్నట్టుంది.

"అయ్యో," అంది పిన్ని. "ఎంత తేలికైతే ఏం, వేలు పట్టలేదే. మేస్త్రీగారూ, మీకు తప్పేలా లేదు. పైపని ఎప్పటిలాగే మీరే చూసుకోవాలి."

"నాకు తెలుసు," అన్నాడు బావ విసుగ్గా. "చివరికి నా నెత్తినే పడుతుందని నాకు తెలుసు." డ్రిల్లు తీసుకున్నాడు. స్టూలెక్కి, చెక్కకు దగ్గరగా నిలబడి, మోచేయి కిందికే ఉంచి మీట నొక్కాడు. స్క్రూ తిన్నగా దిగింది. ఆయన దిగలేదు. ఇంకోటి ఇమ్మన్నాడు. అది బిగించి మరొకటి ఇమ్మన్నాడు. పిన్ని అందిస్తూనే ఉంది. కాంట్రాక్టరు మనుషులు వచ్చి మిషను చూసి, "బాగానే ఉంది మేస్త్రీ, సోమవారం పొద్దున్నే వచ్చెయ్యండి," అని తమ పెట్టె తీసుకుని వెళ్లిపోయారు.

పిట్టబలం బ్యాటరీలూ చార్జరూ బండికి కట్టడానికి బయటికి వెళ్లాడు. బావ స్టూలు దిగి, తువ్వాలుతో డ్రిల్లు తుడుస్తూ పిన్ని దగ్గరికి వచ్చాడు.

"పిన్నిగారూ, వాడు మీట సందులో పెట్టింది బొటనవేలు."

పిన్ని గతుక్కుమంది. ఏదో అనబోయింది.

"చూపుడువేలు చక్కగా పడుతుంది. రోజూ ఇదే డ్రిల్లు ఆ వేలితోనే నొక్కి చూస్తుంటే అరుగు మీంచి నాకు కనబడదా? వాడికి చెప్పకండి. నాకు తెలిసిందని తెలిస్తే వాడి మొహం చూడలేం."

"మరి మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోవడమేమిటి, తిడతాను. నన్నెవరూ జాలిగా చూడకుండా ఉండాలని వాడు వీధంతటి చేతా నవ్వించుకుంటున్నాడు. నేను తిట్టడం మానేస్తే వాడి కష్టమంతా వృథా పోదూ?"

అడగాల్సిన ప్రశ్నలు పిన్ని నాలుక చివర బారులు తీరాయి. ఒక్కటీ అడగకుండా చిల్లర ఇచ్చేసింది.

బావ మీసం దువ్వుకుని అరుగు మీదికి వెళ్లి నిలబడ్డాడు. "ఏరా, ఆ చార్జరు డబ్బా ఒక్కడివే ఎత్తావా? నలుగురు కూలీల్ని పిలవకపోయావా?"

"భుజాలు లాగేస్తున్నాయి బావా," అన్నాడు పిట్టబలం, పళ్లన్నీ బయటపెట్టి.