ఆపుకోవడమే నిగ్రహం అనుకున్నాను

గనిలోంచి రెండో షిఫ్టు మనుషులను పైకి తీస్తున్నాను. వాళ్లు నిలబడ్డ ఇనుప బోను, కేజ్, సగం దారిలో ఉండగా ఎడమ డొక్క వెనుక కత్తి పెట్టి తిప్పినట్టయింది. ఇంజన్ లివర్ మీద నుంచి చెయ్యి తీయడానికి వీల్లేదు. కేజ్‌ను లాగే తాడు చివర మావాళ్లున్నారు. పళ్లు కరుచుకుని కేజ్‌ను పైదాకా తెచ్చి, బ్రేకు వేసి, కుర్చీలోంచి అట్లాగే ఒరిగిపోయాను.

నా పేరు దానం. గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవర్ని. మనుషులను గనిలోకి దింపడం, పైకి తీయడం నా పని. షిఫ్టు మధ్యలో కుర్చీ దిగవలసి వస్తే సిగ్నల్ గంట దగ్గరుండే మనిషికి చెబితే చాలు, రిలీవర్ వచ్చి నా బదులు కూర్చుంటాడు. ఆ పద్ధతి ఉంది. నేనే వాడుకోలేదు. డ్యూటీకి బయలుదేరే ముందే నీళ్లు మానేసేవాణ్ణి. అయినా మూత్రం వస్తే ఆపుకునేవాణ్ణి. గంట కొట్టే రాజలింగు ఎగతాళి చేసేవాడు.

"ఏందన్నా, నీకు ఒంటికి రాదా? మీ దేవుడు నిన్ను ఇనుముతోని చేసిండా?"

ఆ మాట నాకు బిరుదులా ఉండేది. మా చర్చి సంఘంలోనూ అంతే. ఉపవాస ప్రార్థనలో మోకాళ్లూనితే చివరి ఆమేన్ దాకా లేచేవాణ్ణి కాదు. నిగ్రహం ఆత్మ ఫలమన్న బైబిలు మాట చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. దేహం అడిగింది ఇవ్వకపోవడమే నిగ్రహమని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను.

దవాఖానలో యూరిన్ టెస్టు చేశారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. "లెఫ్ట్ కిడ్నీలో స్టోన్ ఉంది. ఇన్ఫెక్షన్ కూడా. నీళ్లు బాగా తాగు. యూరిన్ వస్తే ఆపకు."

"సార్, నా డ్రైవర్ సీటు?"

"ముందు కిడ్నీ సంగతి చూడవయ్యా. లివర్ పట్టుకున్నప్పుడు మళ్లీ పెయిన్ వస్తే కేజ్‌లో ఉన్నవాళ్ల గతేమిటి? ఇది తగ్గకపోతే అన్‌ఫిట్ రాయక తప్పదు."

మందులిచ్చి ఇంట్లో రెస్టు తీసుకోమన్నాడు. నేను కుదురుగా పడుకోలేకపోయాను. గని సైరన్ మోగినప్పుడల్లా లేచి కూర్చునేవాణ్ణి. నా కుర్చీలో ఎవరున్నారో, కేజ్‌ను కుదుపు లేకుండా ఆపుతున్నారో లేదో అని ఒకటే రంధి.

నా స్వస్థత కోసం సంఘమంతా మా క్వార్టర్‌లో ఉపవాస ప్రార్థన పెట్టింది. నా కోసమే చేస్తున్నారు, నేనెట్లా లేస్తాను? పొద్దంతా చుక్క నీళ్లు తాగలేదు, ఒంటికీ పోలేదు. సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంది. పళ్లు టకటక కొట్టుకుంటుంటే వార్డులో చేర్చారు. "మీ ప్రార్థన వద్దనను. నీళ్లు తాగుతూ చేస్తే ఆయన వినడా?" అన్నాడు డాక్టరు, ఇంజక్షన్ రాస్తూ.

పక్క బెడ్డు మీద రిటైరైన తెలుగు పంతులు ఉన్నాడు. ఆయన దగ్గర ఒక పాత ఆయుర్వేద గ్రంథం, శ్లోకం కింద తెలుగు తాత్పర్యంతో. నా పొర్లాట చూసి విసిగి, దాన్ని నా మంచం మీద పడేశాడు.

"సదువు జెర. నీ మంచం కిర్రుకిర్రుమంటె నాకు నిద్ర పడ్తలేదు."

"శ్లోకాలు నాకెందుకు సార్? నేను విశ్వాసిని."

"ఇందుల రాసింది పండ్లు తోముడు, అన్నం తినుడు, ఒంటికి పోవుడు. మీ మతంల ఇవి లెవ్వా?"

నవ్వితే డొక్కలో పోటు పొడిచింది. పుస్తకం తెరిచాను. దినచర్య చదివితే కోపమొచ్చింది. తెల్లవారకముందే నిద్ర లేవాలట. మూడో షిఫ్టు వాడు ఆ వేళకు గనిలో ఉంటాడు. ఉన్న శక్తిలో సగం వరకే శ్రమపడాలట. బొగ్గు నింపేవాడికి ఆ మాట ఎవరు చెబుతారు? గబగబా పేజీలు తిప్పాను. ఆ తర్వాతి భాగం దగ్గర నా చెయ్యి ఆగింది.

దేహానికి వచ్చే వేగాలను, అంటే తమంతట తాము పుట్టే తొందరలను, ఆపకూడదని అక్కడ ఉంది. తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీళ్లు కూడా. మూత్రం ఆపితే ఏమవుతుందో విడిగా రాశారు: ఒళ్లు నొప్పులు, పొత్తికడుపులో పోటు, రాళ్లు. ఇంకా కిందికి చదివితే, ఆపవలసిన వేగాలు వేరే ఉన్నాయి. లోభం, ఈర్ష్య, ద్వేషం, మత్సరం. అవి మనసువి.

దిండు కింద నుంచి బైబిలు తీసి పక్కన పెట్టుకున్నాను. రెండూ పోట్లాడతాయేమోనని భయం. పోట్లాడలేదు. అపొస్తలుడు నిగ్రహం గురించి చెప్పిన చోట మూత్రం మాట లేనే లేదు. అది నేను చేర్చింది.

మా సంఘపెద్ద ఇస్సాకు కాక చూడవచ్చాడు. ఆయన గనిలో పని చేసి రిటైరైనవాడు. మంచం మీది పుస్తకం చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇదేందిరా దానం? బైబిలు పక్కన శ్లోకాలా? మా ప్రార్థన సాల్తలేదా?"

"కాకా, గనిల పంపు బందువెట్టి ప్రార్థన చేస్తె సంపు గుంతల ఊరిన నీళ్లు తగ్గుతయా?"

"ఎట్ల తగ్గుతయ్? పంపు నడుపుకుంటనే ప్రార్థన చెయ్యాలె," అన్నాడు. అన్నాక తెలిసింది తానేమన్నాడో. "నీకు నోరెక్కువైంది," అంటూ లేచాడు.

ఇన్ఫెక్షన్ తగ్గింది. నీళ్లు తాగీ తాగీ విసిగిన ఒక పొద్దున, ప్రాణం పోయినంత నొప్పితో రాయి పడిపోయింది. మళ్లీ ఎక్స్‌రే తీసి డాక్టరు అన్నాడు: "క్లియర్. షిఫ్టు మధ్యలో సీటు దిగి యూరిన్‌కు పోతానని మాటిస్తేనే ఫిట్ రాస్తాను." మాటిచ్చాను.

తిరిగి డ్యూటీకెక్కిన రోజు, నీళ్లు తాగినందుకు వేగం రానే వచ్చింది. కాలు ఊగుతోంది. ఇంకో కేజ్ తీశాక చెబుదాం, ఇంకొకటి తీశాక చెబుదాం అనుకున్నాను. డాక్టరు మాట గుర్తొచ్చింది. కేజ్ పైకి చేరగానే బ్రేకు వేసి పిలిచాను.

"రాజలింగూ, రిలీవర్ని పిలువు. ఒంటికి పోవాలె."

"అబ్బో! ఇనుము కరిగింది!" అని అరిచాడు. అందరూ నవ్వారు. రిలీవర్ వచ్చి కూర్చున్నాడు. అంతే.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని, అంటే నాకు జరిగిన మేలు అందరి ముందు చెప్పమని, ఇస్సాకు కాక పిలిచాడు. "స్వస్థత సంగతి చెప్పు. ఆ గలీజు ముచ్చట ఎత్తకు," అని చెవిలో అన్నాడు. నిలబడ్డాక అది వదిలి ఏం చెప్పాలో తోచలేదు. అన్నీ చెప్పాను, ఆపవలసినవీ, ఆపకూడనివీ. కాక కళ్లు మూసుకుని ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థన పొడుగు మాకందరికీ తెలుసు. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి ముసలి రూతవ్వ నేలకు చెయ్యి ఆనించి లేచింది.

"యాడికవ్వా, నడుమల?" అన్నాడు కాక.

"ఒంటికి. ఇన్నేండ్లు ఆపుకున్న, ఇంక నాతోని కాదు. నేనొచ్చినంక ఆమేన్ చెప్పుండ్రి."

ఆమె వెనుక మరి కొందరు లేచారు. కాక తల వంచుకుని వాళ్లు వచ్చేదాకా ఆగాడు. అందరం ఆగాం.

ఇది జరిగి కొన్నేళ్లయింది. నొప్పి మళ్లీ రాలేదు. నా సీటు నాకుంది. షిఫ్టును బట్టి నాకు తెల్లవారే వేళ మారుతుంది కానీ, లేవగానే నీళ్లు, పంతులు పుస్తకం చెప్పినట్టు తిన్నాక కడుపులో పావు ఖాళీ, ఈ రెండూ మారవు. మధ్యలో దిగినప్పుడు ఇప్పటికీ మనసు నిలవదు, చెవులు ఇంజన్ చప్పుడు మీదే ఉంటాయి. అయినా దిగుతాను.

కుర్చీ వదల్లేని పని చేసేవారికి ఒక్క మాట. నీళ్లు తాగమని మీకు అందరూ చెబుతారు. మీరు లేచినప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో డ్యూటీ ఎక్కకముందే మాట్లాడి పెట్టుకోండి. అది తేలకపోతే మీరు నీళ్లు తాగరు. నేను తాగలేదు.